చెక్కుబందిలో మా ముత్తాత

మా యింటి నడవలో మూడు తరములనుండి కదలక నిలిచియున్న కొయ్య భోషాణమొకటి కలదు. దాని అడుగున, పెండ్లినాటి పట్టుబట్టల క్రింద, పసుపు అంటిన గుడ్డమూటలో మా తండ్రిగారు భద్రపఱచిన కాగితములు పదునొకండు ఉండెను. బాల్యమున వానిని ముట్టుటకు మాకు అనుజ్ఞ లేదు. ఆయన కాలము చేసిన పిమ్మట నేను ఆ మూట విప్పి, అందు మా ముత్తాతగారి పేరు కొఱకు వెదకితిని. ఆయన కొన్నట్లుగాని, అమ్మినట్లుగాని, అప్పు తీసినట్లుగాని చూపు పత్రమొక్కటియు లేదు. ఆ మూటలోని కథ తాతగారితోనే మొదలగుచున్నది. అంతకు పూర్వమంతయు చీకటి. మా యింట చెప్పుకొనుచు వచ్చినది ఒక్కటే: ధాత కఱవునాడు ఆయన కృష్ణ దాటి ఈ యూరికి వచ్చెననియు, నాడు ఆయనకు చేత చెంబు, భుజమున కంబళి తప్ప వేఱొక ఆస్తి లేదనియు.

మన పెద్దలకు గతకాలమును అంకెలతోగాక ఆపదలతో గుర్తుపెట్టుకొను అలవాటుండెను. 1832-33లో గుంటూరు సీమను శ్మశానప్రాయము చేసిన క్షామమును, అది వచ్చిన సంవత్సరమునుబట్టి నందన కఱవనియు, డొక్కల కఱవనియు చెప్పుకొనిరి. 1864 నవంబరు 1వ తేదీని సముద్రము పొంగి బందరును ముంచి, సుమారు ముప్పదివేల ప్రాణములను హరించిన ఉప్పెన రక్తాక్షి సంవత్సరమున వచ్చినది. 1876 మొదలు 1878 వఱకు దక్షిణదేశమంతటిని పీడించినది ధాత కఱవు. మన కోస్తా గ్రామములలో పాత కుటుంబముల వలసకథలను విన్నచో, వానిలో పెక్కులు ఈ మూడింటిలో నేదో ఒకదానికి ముడిపడియుండుట గమనింపవచ్చును. ఆ కథలు చెప్పినవారు అసత్యము పలికిరని నేననను. పెద్దచెట్టు క్రిందికి పసులు చేరినట్లు, చిన్నసంగతులన్నియు కాలక్రమమున పెద్దసంగతి నీడకు చేరుచుండును, అంతియే.

మా ముత్తాతగారి జాడ నాకు మా భోషాణమున దొరకలేదు. ప్రక్కయింటివారి భోషాణమున దొరకినది. వారు క్రొత్తగా ప్రహరీగోడ కట్టదలచి, హద్దు తేల్చుకొనుటకై తమ పాత క్రయదస్తావేజును తెచ్చి, అందలి గొలుసుకట్టు వ్రాత తమకు బోధపడుట లేదని నన్ను చదివిపెట్టుమనిరి. కలము ఎత్తకుండ అక్షరమునకు అక్షరమును తగిలించి, తలకట్లను దీర్ఘములను మధ్యలో మ్రింగివేయుచు, మన కరణములు వ్రాసిన ఆ లిపి అభ్యాసము లేనివారికి చిక్కుపడిన నూలుకండెవలె తోచును. నేను మెల్లమెల్లగా కూడబలుకుకొనుచు, శుక్లనామ సంవత్సరమని తేదీ చదివి, సొమ్ము చదివి, చెక్కుబంది దగ్గఱకు వచ్చితిని. తూర్పున ఉమ్మడి నుయ్యి, దక్షిణమున రాజవీధి, ఉత్తరమున పుంత. పశ్చిమమున, మా యింటిపేరుతో, మా ముత్తాతగారి పేరు! ఆ పేరునకు ముందున్న మూడక్షరముల మాట యొకటి అప్పుడు నాకు కొఱుకుడు పడలేదు. దానిని విడిచి ముందునకు పోయితిని.

అది ఏ శుక్ల సంవత్సరమన్నది తేలవలెను గదా. మన సంవత్సరనామములు అఱువది యేండ్లకొకమాఱు తిరిగి వచ్చును గనుక, శుక్ల యన 1869-70 కావచ్చును, 1929-30 కావచ్చును. ఇట్టి సందేహమును తీర్చుటకు కాగితమే సాధనము. ఆ పత్రము వ్రాసిన స్టాంపు కాగితముమీద విక్టోరియా రాణి ముఖమున్నది. 1929 నాటిదైనచో అయిదవ జార్జి ముఖముండవలసినది. అదియుగాక వెనుక పుటమీద రిజిస్ట్రారుకచ్చేరీ ముద్రలో ఇంగ్లీషు తేదీయు ఉన్నది. కొన్ని కాగితములలో సంవత్సరనామమునకు మారు ఫసలీ ఉండును. దానికి 590 కలిపినచో ఇంగ్లీషు సంవత్సరము వచ్చును, ఫసలీ జూలైలో ఆరంభమగుటచే ఫసలీ సంవత్సరపు ఉత్తరార్ధమునకు, అనగా జనవరి మొదలు జూను వఱకు, 591 కలుపవలెను. 1869-70 మద్రాసు లెక్కలలో 1279 ఫసలీ. అనగా ధాత కఱవునకు ఏడేండ్లకు పూర్వమే మా ముత్తాతగారు ఈ వీధిలో ఇల్లుగలిగి కాపురముండిరి. చెంబు, కంబళి కథ ఆ నాలుగు పంక్తులతో కూలిపోయినది.

పాత దస్తావేజు చదువుట నేర్చినవారికి అందలి ప్రతి భాగమును సాక్ష్యమిచ్చునదియే. మొదట తేదీ, పిదప వ్రాయించుకొన్నవాని పేరు, అతని తండ్రి పేరు, కులము, జీవనాధారము, నివాసగ్రామము, అటుతరువాత వ్రాసియిచ్చినవానికిని అవియే వివరములు, ఆపైని అమ్మకమునకు కారణము. కూతురి పెండ్లియో, సర్కారు శిస్తు బాకీయో, పూర్వము చేసిన తాకట్టు విడిపించుకొనుటయో, కాశీయాత్రయో అందు వ్రాయబడియుండును. ఒక కుటుంబపు కష్టకాలము ఒక్క వాక్యమున నిమిడియుండును. శాసనకాలమునుండి వచ్చిన నిధి, నిక్షేప, జల, తరు, పాషాణాది అష్టభోగస్వామ్యముల పలుకుబడి, రెండు గదుల తాటాకుటిల్లు అమ్మినపుడును తప్పక చేరియుండును. కడపట సాక్షుల చేవ్రాళ్లు, వ్రాలు ఎఱుగనివారి నిశానీలు, వ్రాసిన కరణము దస్తూరి. సాక్షులలో బావమఱదులు, వియ్యంకులు, జ్ఞాతులు ఉండుట సాధారణము. దాయాది సాక్షి సంతకము చేసెననగా ఆస్తిమీద తనకు తగవు లేదని ఒప్పుకొన్నట్లుగా తలచుచుండిరి.

ఇన్నింటిలోను నాకు మిక్కిలి విశ్వాసపాత్రమైనది చెక్కుబందియే. అమ్మువాడు తనదని చెప్పుకొనునది తగవులో నున్నది కావచ్చును. కొనువాడు వ్రాయించిన వెల స్టాంపు సుంకమునకు జడిసి తగ్గించినది కావచ్చును. కాని తన గోడకవతల కాపురమున్నది ఎవరన్న విషయమున అబద్ధమాడుటవలన ఏ పక్షమునకును లాభము లేదు. పైపెచ్చు ఆ పేరు తప్పైనచో హద్దుమీద తగవు పుట్టవచ్చును. అందుచేత మన పూర్వులు తమ కాగితములలో దాచినదానిని, మఱచినదానిని, పోగొట్టుకొన్నదానిని, పొరుగువారి కాగితములు నిష్పక్షపాతముగా నిలుపుకొనియున్నవి. తన వంశమును వెదకువాడు ముందుగా వెదకవలసినది తన పెట్టెను కాదు, పొరుగువాని పెట్టెను.

ఈ నమ్మకముతోనే నేను మా వీధిలోని ఎనిమిది యిండ్లవారిని బతిమాలి, వారి పాత కాగితములలోని హద్దులను మాత్రము ఎత్తి వ్రాసికొని, ఒక పెద్ద కాగితముమీద వానిని యథాస్థానముల నుంచితిని. ఒకని పశ్చిమహద్దు మఱొకని తూర్పుహద్దు. ఒకచోట దొడ్డి అన్నది పదునైదేండ్లు గడచునప్పటికి పెంకుటిల్లుగా మాఱినది. ఒక పత్రమున తండ్రి పేరున్నచోట తరువాతి పత్రమున ఇరువురు కొడుకుల పేర్లు, ఆపైని ఒక్కని పేరే. తోబుట్టువులు పంచుకొనుట, ఒకడు విక్రయించి బందరు పోవుట, ఇంకొకడు సంతులేక దత్తత చేసికొనుట, దత్తుడు ఇంటిపేరు మార్చుకొనుట, ఇవన్నియు ఎవరును ఉద్దేశించి చెప్పకయే తెలిసినవి. నేడు మా వీధికి ఒక దేశనాయకుని పేరున్నది. నాటి పత్రములలో అది సాలెల వీధి. ఇప్పు డా వీధిలో మగ్గమున్న యిల్లొక్కటియు లేదు. పట్టణములలో ఇట్టి పాతపేర్లు మఱింత గట్టిగా నిలిచినవి: బందరులో డచ్చివారు వర్తకము చేసినచోటు వలందపాలెము, ఫ్రెంచివారిది పరాసుపేట, ఇంగ్లీషువారిది ఇంగ్లీషుపాలెము. ఆ వర్తకులు పోయినను వారి చిరునామాలు తెలుగు నోళ్లలో మిగిలియున్నవి.

సొంత కాగితమును పొరుగు కాగితమును రెండును చెదలపాలైనచో, దిక్కు రిజిస్ట్రారుకచ్చేరీ. 1864 నాటి పదునాఱవ చట్టముతో మన దేశమున ఏర్పడిన పద్ధతి పలు సవరణలు పొంది, 1908 నాటి చట్టముగా నేటికిని నడచుచున్నది. నూఱు రూపాయలకు తక్కువకాని స్థిరాస్తి విక్రయమైనచో దాని నకలు ఒకటవ పుస్తకమున ఎక్కితీరవలెను. ఆ పుస్తకమునకు రెండు సూచికలుండును: మొదటిది వ్రాసినవారి, వ్రాయించుకొన్నవారి పేర్లనుబట్టి, రెండవది ఆస్తియున్న గ్రామమునుబట్టి. రుసుము చెల్లించి ఎవరైనను వానిని చూడవచ్చుననియు, నకలు పొందవచ్చుననియు చట్టము 57వ విభాగమే చెప్పుచున్నది. ఈ సంగతి తెలియక, ఎవరో పరిచయస్థులుండిననే గాని లోపలికి పోరాదని వెనుదీయువారు అనేకులు. అయితే ఏ ఊరి కచ్చేరీకి పోవలెనన్నది ముందు తెలియవలెను. 1859లో బందరు, గుంటూరు, రాజమండ్రి జిల్లాలను కలగలిపి కృష్ణా, గోదావరి జిల్లాలుగా విభజించిరి. 1904లో గుంటూరు వేఱయ్యెను. 1925లో పశ్చిమగోదావరి పుట్టెను. ఏలూరు తాలూకా ఒక్కటే ఈ మార్పులలో గోదావరిలోనుండి కృష్ణకును, కృష్ణనుండి పశ్చిమగోదావరికిని మాఱినది. గ్రామము కదలకున్నను దాని దప్తరము బండ్లమీద ఊరూరు తిరిగినది.

భూములకైన, సర్వే జరిగిననాటి డైగ్లాటు మొదటి మెట్టు. తెలుగు ఇంగ్లీషు రెండు భాషలలో నుండుటచే దానికా పేరు. సర్వే నంబరు, విస్తీర్ణము, తరము, శిస్తు, నాటి పట్టాదారు పేరు అందుండును. జమీందారీ గ్రామములైనచో 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టము తరువాత సిద్ధపఱచిన సెటిల్‌మెంటు ఫేర్ అడంగలు ఆ స్థానమున నిలుచును. వంశావళికి వీనికంటె మిన్నయైనవి 1858లో నియమింపబడిన ఇనాం కమిషను వారి రిజిస్టర్లు. మాన్యము ఎవరిచ్చిరి, మొదట ఎవరు పుచ్చుకొనిరి, ఇపుడెవరు అనుభవించుచున్నారు, వారి వయస్సెంత, మొదటి గ్రహీతకు వీరేమగుదురు, ఇవన్నియు అందు గడులుగా వేసి వ్రాసిరి. అగ్రహారములలో భాగములను వీసములలో చెప్పుట ఆచారము. వీసమనగా పదునాఱవ వంతు; ఒక ఇంటివారికి అరవీసము వచ్చినదన్నచో, పూర్వమెన్నడో వీసముగల పూర్వుని కిద్దఱు కొడుకులుండిరేమో యని ఊహించుటకు అవకాశము కలుగును. భిన్నమును వెనుకకు గుణించుకొనుచు పోవువానికి ఒక్కొక్కప్పుడు పేరు తెలియని తరముయొక్క అన్నదమ్ముల సంఖ్యయైనను తెలియును.

భూమిలేనివారి మాట ఏమని పాఠకుడడుగును, అడుగవలసినదియే. మన రికార్డులు ఉన్నవానిని గుర్తుంచుకొన్నట్లు లేనివానిని గుర్తుంచుకొనవు. ఇది వానికున్న మహాదోషము. అయినను గ్రామసేవ చేసినవారి కిచ్చిన మాన్యములు ఇనాం రిజిస్టర్లలో నున్నవి. తలారి, వెట్టి, చాకలి, మంగలి, కుమ్మరి, వడ్రంగి, కమ్మరి, ఎవరి చెక్క వారి పేరుతో. అదియును లేని కూలిజనము చెన్నపట్టణపు రేవునుండి ఓడలెక్కి సముద్రములు దాటినపుడు మాత్రము పరదేశపు దప్తరము వారిని అక్షరాలా వ్రాసికొన్నది. 1860 నవంబరు 16న ట్రూరో యను ఓడ మద్రాసునుండి డర్బను చేరినది మొదలు 1911 వఱకు నేటాలునకు పోయిన ఒప్పందపు కూలీలు సుమారు లక్షా ఏబదిరెండువేలమంది. వారిలో తెలుగువారు వేలకొలది. ఒక్కొక్కరికి ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, తాలూకా, గ్రామము. దేహముపై మచ్చలును వ్రాసిరి. మారిషసులో అట్టి దప్తరములు మహాత్మాగాంధీ సంస్థ పరిరక్షణలో నున్నవి. అక్కడి తెలుగువారి మునిమనుమలు ఇంగ్లీషువాని చెవికి వినబడినట్లు వ్రాయబడిన గ్రామనామమును చేతబట్టుకొని, ఇది ఏ ఊరు కావచ్చునని మన విశాఖ, గోదావరి మండలములవారి నడుగుచుందురు. తమ పూర్వుని మేని మచ్చ తెలిసియు ఊరు తెలియని వారి వేదన, ఊరిలోనేయుండి ముత్తాత పేరు తెలియని మన ఉపేక్ష, ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నిలిపి చూచినపుడు నా మనస్సు కలతచెందినది.

జనాభా లెక్కలనుగుఱించి మన వారిలో ఒక భ్రమ కలదు. ఇంగ్లండులో నూఱేండ్లు నిండిన పిమ్మట ఇంటింటి పత్రములను ప్రజలకు చూపుదురని విని, మనకును అట్లే దొరకునని ఆశపడుదురు. మద్రాసు రాజధానిలో 1851-52 నుండియే అయిదేండ్లకొకమాఱు తలలెక్క జరిగెను. 1871లో సమగ్రమైన సెన్ససు, 1881 ఫిబ్రవరి 17వ తేదీ రాత్రి దేశమంతట ఏకకాలమున గణన జరిగినవి. గోడలమీద గేరుతో ఇంటినంబరు వేసి, ఇంటివారి పేర్లు చదివి వ్రాసికొన్న ఆ కాగితములు మనకు మిగులలేదు. పట్టికలు తయారైన పిమ్మట వానిని నిలువయుంచు ఏర్పాటు లేకుండెను. 1948 నాటి సెన్ససు చట్టము 15వ విభాగము ప్రకారము గణకుల పత్రములను ఎవరును చూడరాదు, న్యాయస్థానమున సాక్ష్యముగా చూపరాదు. మనకు లభించునవి గ్రామమున ఇండ్లెన్ని, స్త్రీలెందఱు, పురుషులెందఱు, చదువరులెందఱు అను అంకెలే. వానిలో ముత్తాత దొరకడు గాని, ఆయన బ్రతికిన ఊరు ఎంత చిన్నదో, ఏ దశాబ్దమున బక్కచిక్కినదో తెలియును. 1961 గణనము సందర్భమున మన రాష్ట్రములో కొన్ని గ్రామములను ఎన్నుకొని ప్రత్యేకముగా వెలువరించిన గ్రామవివరణ గ్రంథములు, తమ ఊరు అందున్నవారికి పెన్నిధి. గ్రామములలో వ్రాసిన జననమరణపు పుస్తకములును కలవు; కాని బారసాలకు ముందే వ్రాయించుటచే పెక్కుచోట్ల ఫలానావారికి ఆడశిశువు అని తప్ప పేరుండదు.

ఇక కైఫీయతుల విషయము వేఱు. కాలిన్ మెకంజీ దొర, కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య, రామస్వామి యను సోదరుల సాయమున, కరణముల యొద్దనున్న దండకవిలెలనుండి గ్రామచరిత్రములు వ్రాయించెను. అవి శిథిలములగుచుండగా సి. పి. బ్రౌను దొర వానికి నకళ్లు ఎత్తించెను. ఏ రాజు కాలమున ఎవరికి కరణీకము సంక్రమించెను, మిరాసీ ఎన్ని పాళ్లాయెను అనునవి అందు గలవు. కరణపు కుటుంబములవారికి ఇంతకంటె ప్రాచీనమైన ఆధారము దొరకుట దుర్లభము. తెలంగాణమున దారి మఱియొకటి: అక్కడ మొదటి సర్వే ఫలితము సేత్వారు, పిమ్మట 1954-55 నాటి ఖాస్రా పహాణీ, 1884 ప్రాంతమువఱకు సర్కారు భాష పారసీకము, ఆపైని ఉర్దూ గనుక, తన తాత పేరు తాను చదువలేక మౌల్వీగారిని ఆశ్రయించు మనుమలను చూచుచున్నాము.

మా ముత్తాతగారి పేరునకు ముందున్న ఆ మూడక్షరముల మాట నన్ను విడువలేదు. అదే కరణము వ్రాసిన మఱి నాలుగు పత్రములు సంపాదించి, ఆయన లకారమున కింద లావత్తును ఎట్లు చుట్టునో, కొమ్మును ఎట్లు తోకవలె లాగునో పోల్చి చూచినపిమ్మట అది తేటపడినది. అల్లుడు అని యున్నది. ఫలానావారి అల్లుడు, మా ముత్తాత. మామగారి పేరును పట్టుకొని రిజిస్ట్రారుకచ్చేరీలో మొదటి సూచికను వెదకించితిని. రెండు దినముల కొక పత్రము బయటపడినది. విభవనామ సంవత్సరము, అనగా 1868. ఆ పెద్దాయన తన కుమార్తెకు పసుపుకుంకుమల క్రింద ఇంటినివేశనమును, ఎకరము పల్లపుభూమిని దఖలు పఱచినట్లు అందున్నది. ఆ నివేశనమే మేము పుట్టి పెరిగిన యిల్లు.

కఱవునకు తాళలేక వచ్చిన బాటసారి గాక, ఇల్లఱికపుటల్లుడుగా వచ్చినవాడు మా ముత్తాత. ఇల్లు ముత్తవ్వది. నూటయేబదియేండ్లు ఆమె సొత్తులో కాపురముండియు ఆమె పేరు మాలో ఎవ్వరికిని తెలియకుండెను; తద్దినములలో పలుకవలసిన మూడు తరములు గడచిన పిమ్మట ఆ పేరు నోళ్లనుండి జాఱిపోయినది. నాటి మన స్త్రీల పేర్లు పట్టాలలో అరుదు, అడంగళ్లలో అరుదు. పసుపుకుంకుమల దానపత్రములలోను, వితంతువులకు వ్రాసిన మనోవర్తి దస్తావేజులలోను పదిలముగా నుండును. వానిని పనికిరాని కాగితములని పాఱవేసిన ఇండ్లు నేనెఱిగినవే అయిదాఱున్నవి.

1984లో కరణీకములు రద్దయినపుడు, తరతరములుగా ఇండ్లలో నిలిచిన గ్రామపు లెక్కలు చేతులు మాఱినవి. కొన్ని కచ్చేరీలకు చేరినవి, కొన్ని అటకలమీదనే చెదలకు ఆహారమైనవి. మిగిలినవానికి ఆయువు ఎంతో ఎవరు చెప్పగలరు? కావున చదువరులకు నా మనవి ఇది: ఈ పండుగకు ఊరు పోయినపుడు మీ పెట్టెలోని పాత దస్తావేజును తీసి, దాని నాలుగు హద్దులను తేటయైన అక్షరములతో ఎత్తి వ్రాసి, ఆ ప్రతిని మీ తూర్పువారికి, పడమటివారికి ఇండు, వారి కాగితములను చూపుమని అడుగుడు.